పాటా, నీకొక రూపాయి బాకీ

ఓ పాటా! నా చాటుమాటు పాటా! నలుగురిలో నోరారా పిలవలేని నా ముద్దుపేరా! నీకు దండం పెట్టబోతే చేతులు ముందుకొస్తాయి, నీ పేరు చెప్పబోతే నాలుక వెనక్కి పోతుంది. ఎవరైనా పెద్దమనిషి "మీకెలాంటి పాటలిష్టమండీ" అని అడిగితే త్యాగయ్య కీర్తన అంటాను, కృష్ణశాస్త్రి గీతం అంటాను, ఘంటసాల పద్యం అంటాను. అన్నీ నిజమే, ఒక్కటీ అబద్ధం కాదు. కానీ పొయ్యి మీద పాలు పొంగేవేళ, బస్సులో కిటికీ పక్క సీటు దొరికినవేళ, మెలకువకూ నిద్రకూ నడుమనున్న నల్లని గడప మీద కాలు పెట్టినవేళ, పిలవకుండా వచ్చి పెదవెక్కేది నువ్వు. తప్పెట మోగినట్టు, తమలపాకు పండినట్టు, తలుపు సందులోంచి ఎండ జారినట్టు, నువ్వు.

నీకు వయ్యారాలు తెలుసు గానీ మర్యాదలు తెలియవు. నీ నడకలో బాంగో ఉంది, నీ నిట్టూర్పులో సాక్సఫోన్ ఉంది, నీ నవ్వు చివర చిన్న వెక్కిలి ఉంది. ఆ వెక్కిలి దగ్గరే నేను జారిపడింది. ఎర్రదీపాల మసకలో నువ్వు మెట్లు దిగి వస్తుంటే విలన్ గ్లాసెత్తి పట్టుకునేవాడు, హీరో పెట్టుడు గడ్డం సవరించుకునేవాడు, బెంచీ టిక్కెట్టులో కూర్చున్న ఊరు ఊరంతా ఈల అయిపోయేది. ఇంటికెళ్లాక ఎవరూ నిన్నెరగరు. చూశామనరు, విన్నామనరు. "ఆ పాటొచ్చినప్పుడు సోడాకి బయటికెళ్లానండీ" అంటారు. అంతమంది బయటికెళితే ఆ ఈలలు వేసిందెవరు తల్లీ?

నేను పాటకు ఇచ్చిన మొట్టమొదటి ఖరీదు గుప్పెడు బియ్యం. ధనుర్మాసం, పాలమీగడలా పేరుకున్న మంచు, ఆ మంచులోంచి ముందు చిడతల చప్పుడు, తర్వాత తంబుర మీటు, ఆ తర్వాత ఆయన. తల మీద అక్షయపాత్ర, మెడలో పూలదండ, కాళ్లకు గజ్జెలు. హరిదాసు అడగడు. ఆగడు. ఇచ్చినవాణ్ని పొగడడు, ఇవ్వనివాణ్ని తెగడడు. పాట వీధి మధ్యలో ఏరులా పోతూ ఉంటుంది, ముంచుకున్నవాళ్లకు ముంచుకున్నంత. నాయనమ్మ నా చేతిలో బియ్యం పోసి తోసింది. నా చెయ్యి ఆయన మొలదాకా కూడా అందలేదు. అప్పుడాయన పాట తెగకుండా, పాత్ర ఒరగకుండా, మోకాళ్లు వంచి నా ఎత్తుకు దిగాడు. రాగి అంచు మీద మంచు బొట్లు కనిపించాయి నాకు. సగం బియ్యం పాత్రలో, సగం ముగ్గులో. "ఎంత పొయ్యాలి నాయనమ్మా" అని ముందే అడిగాను. "నీ గుప్పిట పట్టినంత" అంది ఆవిడ.

పాటా, అంతకంటే న్యాయమైన ధర నీకు మళ్లీ ఎవరూ కట్టలేదు. అప్పటి నా గుప్పిట ఎంత చిన్నదో, అంత పుణ్యం. ఇప్పటి నా గుప్పిట పెద్దదే, మూసుకోవడం బాగా నేర్చింది.

నిన్ను కొనుక్కోవడం నేర్చుకున్నది తెనాలిలో, బస్టాండు దగ్గరి క్యాసెట్ల కొట్టులో. కొట్టంటే కొట్టా అది! గర్భగుడి. గోడ నిండా ఎల్పీ అట్టలు, అట్టల మీద రంగు వెలిసిన దేవతలు, బల్ల మీద పక్కపక్కన రెండు డెక్కులు, డెక్కుల కిటికీల్లో పాటకు ఒణికే సన్నని సూదులు. ఎర్రదీపం వెలిగితే ఎవరూ మాట్లాడకూడదు. నిజానికి మాట్లాడినా రికార్డులోకి ఎక్కదు, తీగలోంచే కదా పాట పోయేది. అయినా అందరం నోరు మూసుకునేవాళ్లం, హారతివేళలాగే. లిస్టు రాసిస్తే పాటకు రూపాయి. అరవై నిమిషాల క్యాసెట్, పక్కకు ఏడు పాటలు. రేపు సాయంత్రం రమ్మనేవాడు కొట్టాయన. ఆ రేపటికి నాకు జ్వరం వచ్చేది.

నా లిస్టు చాలా పద్ధతిగా ఉండేది. ఎ సైడు అంతా నాన్నగారు వినదగినవి. బి సైడు కూడా ఆరింటి వరకు అంతే. ఏడోదాని కింద, కాగితం మడతలో, అక్షరాలు చిన్నవి చేసి, ఎనిమిదో నంబరు వేసి నిన్ను రాశాను. కొట్టాయన కళ్లజోడు పైకి తోసి లిస్టు గట్టిగా చదివాడు. గట్టిగా! లోపల మా లెక్కల మాస్టారు భక్తిపాటల క్యాసెట్ ఏరుకుంటున్నారు. ఒకటి, రెండు, మూడు... ఏడు. ఎనిమిదో దగ్గర ఆగాడు. నా చెవులు డెక్కు మీది దీపం కంటే ఎర్రగా వెలిగాయి. ఆయన నా ముఖం చూశాడు, మాస్టారి వీపు చూశాడు, గొంతు తగ్గించాడు. "ఏడే పడతాయి బాబూ. ఎనిమిదోది మధ్యలో తెగుతుంది."

"తెగినా పర్లేదండీ."

"సగం పాటకి డబ్బులేం తీసుకుంటాంలే. ఉంచుకో ఆ రూపాయి."

ఉంచుకున్నాను. ఆ రూపాయితో గోళీసోడా తాగానో, పుల్లైసు తిన్నానో గుర్తులేదు. నువ్వు మాత్రం గుర్తున్నావు. రెండో చరణం మొదలై, గొంతు కొండెక్కుతూ, వెక్కిలి రాబోతూ, ఇంకొక్క అంగుళంలో తాకుతాననగా, టక్! మీట పైకి లేచేది. ఆ తర్వాత ఫ్యాను చప్పుడు. ఆ తర్వాత వీధిలో పాలవాడి గంట. ఏళ్ల తరబడి నా లోకంలో నువ్వు అక్కడితోనే ఆగిపోయావు. నీకు చివరుందని కూడా అనుకోలేదు. కొందరు దేవుళ్లకు నడుము దాకానే విగ్రహం ఉంటుంది, పూజకేం లోటు?

ఇప్పుడు నా అసలు పాపం చెబుతాను. స్కాలర్‌షిప్ డబ్బు చేతికి రాగానే 'శంకరాభరణం' కంపెనీ క్యాసెట్ కొన్నాను. కాపీ కాదు, అసలుది. లోపలి అట్ట మీద పేర్లన్నీ అచ్చేసి ఉన్నది. తెచ్చి షోకేసులో వీణ బొమ్మ పక్కన నిలబెట్టాను. వచ్చినవాళ్లంతా చూశారు, మెచ్చారు. విన్నది మాత్రం పండక్కొకసారి. దాని టేపు ఇవాళ్టికీ నిగనిగలాడుతోంది. నీ టేపు? మడతలు పడింది, తలకు చుట్టుకుంది, పేగులా బయటికొచ్చింది. పెన్సిలు దూర్చి తిప్పి తిప్పి లోపలికి పంపాను. తెగితే గోళ్లరంగు అద్ది అతికించాను. ఆ అతుకు దగ్గర నీ గొంతు ఒక్క క్షణం గుటక వేసేది, అదీ అందమే అనిపించేది. డబ్బిచ్చిన పాటను అలమరలో పెట్టాను, డబ్బివ్వని పాటను ప్రాణంలో పెట్టుకున్నాను. గౌరవానికి ఖరీదు కట్టాను, ప్రేమకు ఎగవేశాను.

ఇందులో విడ్డూరమేమిటంటే పాటా, ఆ రెండిళ్లకూ తలుపు ఒకటే. 1977లో 'అడవిరాముడు' ఆంధ్రదేశాన్ని ఊపేసినప్పుడు అందులోని కోక పాట రాసింది వేటూరి, బాణీ కట్టింది మహదేవన్. 1980లో 'శంకరాభరణం' ఆంధ్రదేశం చేత చెప్పులు విప్పించినప్పుడు రాసిందీ వేటూరే, కట్టిందీ మహదేవనే, రెండిట్లోనూ గొంతు విప్పింది బాలసుబ్రహ్మణ్యమే. అదే కలం, అదే పాళీ, అదే సిరా! ఒకదానికి ముక్కు మీద వేలేసుకుని, ఇంకొకదానికి చేతులు జోడించి, ఆ రెండు చేతులూ మనవే అన్న సంగతి మరిచిపోయాం. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన ఆరుద్ర ఏ కలంతో శాసనాల కాలాన్ని వెతికాడో ఆ కలంతోనే సినిమా శృంగారానికీ గిలిగింతలు పెట్టాడు. గంగ హరిద్వారంలోనే గంగా, కాలవలోకి వచ్చాక కాదా?

ఇక నిన్ను పాడిన ఆ గొంతు! ఎల్.ఆర్. ఈశ్వరి. లూర్దు మేరీ రాజేశ్వరి. ఆ పేరులోనే ఒక చర్చి గంట, ఒక కోవెల గంట కలిసి మోగుతాయి. మద్రాసులో కోరస్ వరసలో నిలబడి మొదలైన గొంతు అది. క్లబ్బు పాటలో ఆమె తీసిన కూనిరాగానికి మన పెద్దలు కిటికీలు మూశారు. అదే గొంతు తమిళంలో అమ్మవారి పాటలు ఎత్తుకుంటే ఆడి మాసంలో గుడి మైకులన్నీ ఆమెనే మోశాయి. నిప్పు ఒకటే. హారతి పళ్లెంలో ఉంటే కళ్లకద్దుకుంటాం, చుట్ట కొసన ఉంటే మొహం తిప్పుకుంటాం. ఆమె మాత్రం రెండుచోట్లా నిండుగా వెలిగింది, ఎక్కడా సగం ఊపిరితో పాడలేదు.

నీమీద సిగ్గుపడింది నేనొక్కణ్నే కాదులే. ఒకప్పుడు ప్రభుత్వమే సిగ్గుపడింది. 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార మంత్రి అయ్యాక ఆకాశవాణి గుమ్మంలోంచి సినిమా పాటను మెల్లగా సాగనంపారు. శాస్త్రీయం ఉండగా నువ్వెందుకన్నారు. నువ్వేం చేశావు? సముద్రం దాటావు. రేడియో సిలోన్ అలల మీదెక్కి, ఉప్పుగాలిలో తడిసి, గరగరల మధ్య తేలుతూ మునుగుతూ, తిరిగి ఇంటింటి చూరు కిందికే చేరావు. దేశమంతా ముల్లు తిప్పి నిన్నే వెతుక్కుంది. చివరికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి అని పేరు పెట్టి, పుట్టింటివారు పసుపు కుంకుమలతో పిలిచినట్టు పిలుచుకున్నారు. వెళ్లగొట్టినవాళ్ల మీద అలగని ఆడపడుచువు నువ్వు. వచ్చావు, మళ్లీ మొదటి చరణం నుంచీ ఎత్తుకున్నావు.

మా ఇంటి ఆకాశవాణి మా నాన్నగారు. వరండా మెట్ల మీద ఆయన కిర్రుచెప్పుల చప్పుడు వినబడితే నా వేలు దానంతటదే వాల్యూం తిప్పేది. నువ్వు గుసగుస అయిపోయేదానివి. గుసగుసలో నువ్వింకా ప్రమాదం. ఒక ఆదివారం పొద్దున ఆయన వరండాలో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నారు. బుగ్గ నిండా నురగ, కుడిచేతిలో రేజరు, ఎడమచేతి వేళ్లతో ముక్కు ఎత్తిపట్టి, గొంతులో ఏదో సన్నగా తిప్పుతున్నారు. నేను గుమ్మంలో నిలబడిపోయాను. నువ్వే! పల్లవి కూడా కాదు, రెండో చరణానికి ముందొచ్చే ఆ సాక్సఫోన్ ముక్క, అచ్చు గుద్దినట్టు, వంకర పోకుండా. అద్దంలో నన్ను చూశారు. ఒక్క తాళం కూడా తప్పకుండా ఆ ముక్కను అలాగే వంచి పాండవోద్యోగ విజయాల పద్యంలోకి దించేశారు. ఆ విద్య నాకు అబ్బలేదు. ఆ రోజు మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా టిఫిను తిన్నాం, చాలా ప్రేమగా.

తర్వాత వరద వచ్చింది. కోఠీ ఫుట్‌పాత్ మీద దుప్పటి పరిచి, దుప్పటి మీద సీడీలు పరిచి, ఒక్క సీడీలో నూటయాభై పాటలన్నారు. పాటకు రూపాయి లెక్కన నూటయాభై కావాల్సింది, చాయ్ సమోసా డబ్బులకే వచ్చేసింది. సంబరంగా తెచ్చుకున్నాను. ఆ తర్వాత సీడీ కూడా అక్కర్లేదన్నారు. నెట్ సెంటర్లో గంట కూర్చుంటే గోనెసంచికి ఎత్తుకున్నట్టు ఎత్తుకోవచ్చు. వేలు తెచ్చాను. వేలల్లో ఏదీ పూర్తిగా వినలేదు. పల్లవి వినడం, దాటడం, పల్లవి వినడం, దాటడం. పెళ్లిభోజనంలో అన్నీ విస్తట్లోకి వచ్చేసి ఆకలి లేచిపోయినట్టు. పక్క దొడ్లో దొంగతనంగా కోసుకున్న జామకాయకు రుచి ఉంటుంది, నిజమే. తోటంతా నరుక్కొచ్చి ఇంట్లో పోసుకుంటే ఏముంటుంది?

ఆ దొంగ సీడీల మీద నీ బొమ్మ ఉండేది, నటుడి బొమ్మ ఉండేది. కవి పేరు లేదు. నీ రెండో చరణం ముందు గుండె జార్చిన ఆ సాక్సఫోన్ మనిషి పేరు మాత్రం దొంగ సీడీ మీదా లేదు, అసలు క్యాసెట్ మీదా లేదు. కోడంబాకం దారుల్లో పొద్దున్నే వాయిద్యం పెట్టె మోసుకొచ్చి, స్వరాలు రాసిన కాగితం ముందేసుకుని, మైకు ముందు ఊపిరి బిగబట్టి, కాల్‌షీటు డబ్బులు తీసుకుని ఇంటికెళ్లిపోయిన మనిషి. ఆ ఊపిరి మీద మూడు తరాలు బతికాం. దానికాయనకు దక్కింది ఒక పూట కూలి. కవికీ స్వరకర్తకూ మాత్రం చట్టం ఎన్నాళ్లకు చెయ్యందించింది! తమ రాయల్టీ హక్కును వాళ్లు రాసిచ్చేసినా చెల్లదు, అది వాళ్లదే అని 2012లో సవరణ వచ్చింది. మహదేవన్ వెళ్లిపోయి అప్పటికి పదేళ్లు దాటింది, వేటూరి వెళ్లిపోయి రెండేళ్లు. అరవై ఏళ్లు నిండితే రికార్డు ఊరందరిదీ అని కూడా అదే చట్టం అంటుంది. ఊరందరిదీ అయితే అవనీ. నా రూపాయికి మాత్రం ఆ కాలపరిమితి వర్తించదు, అది నాకూ నీకూ నడుమ నోటిమాట.

ఇప్పుడు పాటల యాప్‌కు నెలనెలా చందా కడుతున్నాను తల్లీ. ఫోనులో నువ్వున్నావు, నీ చెల్లెళ్లున్నారు, నీ సవతులున్నారు. కట్టిన రోజు స్నానం చేసినంత తేలిగ్గా అనిపించింది. అదెలా పంచుతారో తెలిశాక మళ్లీ బరువెక్కింది. నేను వేసింది నీ దోసిట్లో పడదట. తిరుపతి హుండీలాగా అందరి చిల్లరా ఒకే గుడ్డలో పడి, దేశం మొత్తం ఏది ఎక్కువ విందో దాన్నిబట్టి వాటాలు వేస్తారట. రాత్రంతా నేను నిన్నే విన్నా, నా పావలాలో సింహభాగం నేనెరగని ఏ కుర్రవాడి పాటకో. స్పాటిఫైలో అయితే 2024 నుంచీ ఇంకో గడప కూడా కట్టారు. ఏడాదిలో వెయ్యిసార్లు వినబడని పాటకు రికార్డు వాటా చిల్లిగవ్వ రాదు. వెయ్యి! సహస్రనామం చదివినట్టు చదవాలన్నమాట నిన్ను. చదువుతాను. నాకా కష్టం?

అందులోనే ప్రైవేట్ సెషన్ అని ఒక మీట ఉంది. అది నొక్కితే మనమేం వింటున్నామో స్నేహితులకు కనబడదు. మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. అంత పెద్ద కంపెనీ, అంతమంది ఇంజనీర్లు, చివరికి కూర్చుని తయారుచేసింది మా నాన్నగారి చెప్పుల చప్పుడుకు వాల్యూం తగ్గించే వేలునే. ఇన్ని దేశాలవాళ్లకు ఆ మీట కావలసి వచ్చిందంటే, ప్రతి దేశంలోనూ ఒక వరండా ఉంది, ప్రతి వరండాలోనూ ఒక కిర్రుచెప్పు ఉంది, ప్రతి మర్యాదస్తుడి ఛాతీలోనూ బి సైడు చివర చిన్న అక్షరాలతో రాసుకున్న ఎనిమిదో పాట ఒకటి ఉంది.

మొన్న రాత్రి ఆ మీట నొక్కలేదు. పిల్లలు పడుకోలేదు, హాల్లో దీపం వెలుగుతూనే ఉంది, కిటికీ తెరిచే ఉంది. నీ పేరు పూర్తిగా, పెద్ద అక్షరాలతో కొట్టి వెతికాను. వచ్చావు. అదే ఎరుపు మసక, అదే బాంగో, అదే మెట్లు దిగే నడక. అతుకు లేదు, గుటక లేదు, గీత లేదు. కడిగిన ముత్యంలా ఉన్నావు. పల్లవి అయింది. మొదటి చరణం అయింది. సాక్సఫోన్ ఊపిరి తీసింది. మా పాప తలెత్తి, "నాన్నా, తాతయ్య షేవింగ్ పాట!" అంది. తాతయ్య దీన్ని ఇంకెన్నిసార్లు పాడుకున్నారో, ఎవరెవరికి దొరికారో! రెండో చరణం ఎక్కుతోంది. గొంతు కొండ మీదికి పోతోంది. వెక్కిలి రాబోతోంది. ఇంకొక్క అంగుళం.

టక్, అంది నా లోపల.

నువ్వు ఆగలేదు. ఆ టక్కు మీంచి, ఆ ఫ్యాను చప్పుడు మీంచి, ఆ పాలవాడి గంట మీంచి పావడా ఎత్తిపట్టుకుని గంతు వేసినట్టు దూకి అవతలికి వెళ్లావు. అక్కడ ఇంకో నాలుగు పాదాలున్నాయి. ఇన్నాళ్లూ అవి ఉన్నాయని తెలియదు నాకు. అందులో ఆమె నవ్వడం మానేసి, ఒక్క పాదం, ఒకే ఒక్క పాదం, దిగులుగా పాడింది. వెంటనే మళ్లీ నవ్వేసింది. బాంగో పరుగెత్తుకొచ్చి ఆ దిగులును కప్పేసింది.

పాప మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను.